తప్పు కంప్యూటర్‌ది, తిరుగుడు రైతుది

(సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

విత్తనాలు, మద్దతు ధర, పంటల బీమా గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకుందాం. అది చదువుకున్న పిల్లల పని, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇవాళ మన సంఘం ఆఫీసు గడప తొక్కే రైతుల్లో ఎక్కువ మంది ఒక తెర మీద చూసిన మాటను పట్టుకుని వస్తున్నారు. 'రిజెక్టెడ్', 'పెండింగ్', 'వివరాలు సరిపోలలేదు'. ఆ ఒక్క మాటతో పాసు పుస్తకం ఆగుతుంది, పంట రుణం ఆగుతుంది, పెట్టుబడి సాయం ఆగుతుంది, రైతు చనిపోతే రావాల్సిన బీమా సొమ్ము కూడా ఆగుతుంది.

పాత రోజుల్లో పట్వారీ దగ్గర పని ఆగితే ఎవరు ఆపారో ఊరంతటికీ తెలిసేది. నిలదీయడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు మీసేవలో అడిగితే తహసీల్దారు ఆఫీసుకు పొమ్మంటారు. అక్కడ అడిగితే 'సిస్టం తీసుకోవడం లేదు' అంటారు. సిస్టం అనేవాడిని ఎక్కడ పట్టుకోవాలి? అందుకే ఈ సిస్టం తప్పు చేసినప్పుడు ఎలా నడుచుకుంటుందో, ఎలా నడుచుకోవాలో మనం తెలుసుకోవాలి.

తప్పుకు దారి ముందే ఉండాలి

తప్పు చేయని సాఫ్ట్‌వేర్ లేదు. మనుషులు రాసిందే కదా. కరెంటు పోతుంది, నెట్టు తెగుతుంది, ఆపరేటర్ ఒక అంకె తప్పు కొడతాడు, పాత రికార్డు నుంచి చెడ్డ లెక్క వచ్చి పడుతుంది. ఇవన్నీ జరుగుతాయని ముందే అనుకుని, జరిగినప్పుడు ఏం చేయాలో రాసిపెట్టడాన్ని ఆ రంగం వాళ్లు ఎర్రర్ హ్యాండ్లింగ్ అంటారు.

మన బోరు మోటారు సంగతే చూడండి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు కాలిపోతుంది. అందుకే స్టార్టరులో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెడతాం. ఫేజు పోగానే మోటారు ఆగుతుంది, ఏదో తేడా ఉందని మనకు తెలుస్తుంది. మాటిమాటికీ ఆగుతోందని విసిగి ఎవరో దాన్ని పీకేసి తీగ కలుపుతారు. ఆ రోజుకు నీళ్లు పారతాయి. మోటారు మాత్రం లోపల ఉడికిపోతూనే ఉంటుంది. చెడ్డ సాఫ్ట్‌వేర్‌లో జరిగేది ఇదే. లోపల తప్పు జరిగింది, అయినా తెర మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నష్టం బయటపడేసరికి కాలం గడిచిపోతుంది.

ఇంకో మాట. మన పెద్దలు చెరువు కట్టినప్పుడు అలుగు కూడా కట్టారు. నీళ్లు ఎక్కువైన ఏడాది వస్తుందని వాళ్లకు తెలుసు. అలుగు లేని చెరువు మొదటి పెద్ద వానకే తెగుతుంది. మన భూమి రికార్డుల సాఫ్ట్‌వేర్‌ను ఎన్నో కోట్ల ఖర్చుతో అలుగు లేకుండా కట్టారన్నదే మన ఆరోపణ.

పాత తప్పు మీద కొత్త పోర్టల్

తెలంగాణ భూమి రికార్డు ఒక్క రోజులో తయారైంది కాదు. నిజాం కాలపు సేత్వార్ ఉంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఉంది. ఆ తర్వాత ఏటా చేత్తో రాసిన పహాణీలు, ఆ పైన కంప్యూటర్ పహాణీలు వచ్చాయి. ఒక్కో మెట్టు దిగేటప్పుడు కొన్ని తప్పులు చేరాయి. అన్నదమ్ములు పంచుకున్నా రికార్డులో తండ్రి పేరే మిగిలింది. సాదాబైనామాతో కొన్న భూమి అమ్మినవాడి పేరు మీదే ఉండిపోయింది.

2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని భూములను పార్ట్-ఏలో, వివాదం ఉందన్న భూములను పార్ట్-బీలో పెట్టారు. 2020లో కొత్త చట్టం తెచ్చారు. గ్రామ రెవెన్యూ అధికారి వ్యవస్థను తీసేశారు. ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. తహసీల్దారు ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, వెంటనే ముటేషన్. రికార్డు సరిగ్గా ఉన్న రైతుకు ఇది మేలే చేసింది. ఆ మాట మనం దాచాల్సిన పని లేదు.

రికార్డులో తప్పు ఉన్న రైతు సంగతి వేరు. 1971 చట్టం కింద తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓ దగ్గర అప్పీలు ఉండేది, ఆ పైన జాయింట్ కలెక్టర్ దగ్గర రివిజన్ ఉండేది. కొత్త చట్టం ఆ మెట్లను తీసేసింది. పోర్టల్ మొదలైన నాడు తప్పు సవరించుకునే ఆప్షనే అందులో లేదు. రైతులు ధర్నాలు చేసిన కొద్దీ ఒక్కో మాడ్యూల్ చేర్చుకుంటూ పోయారు. పాసు పుస్తకంలో డేటా సవరణకు టీఎం-33, నిషేధిత జాబితా నుంచి తీయించుకోవడానికి టీఎం-15. రైతుకు తన కష్టం పేరు తెలుసు గానీ మాడ్యూల్ నంబరు తెలియదు. తప్పు నంబరు కింద పెట్టుకుంటే దరఖాస్తు పోతుంది. మళ్లీ మీసేవ, మళ్లీ డబ్బు.

అలుగు లేకుండా కట్టి, కట్ట తెగినప్పుడల్లా ఒక మూట ఇసుక వేయడమంటే ఇదే.

నాలుగు రకాల తప్పులు

మన దగ్గరికి వచ్చే కాగితాలను చూస్తే తప్పులు నాలుగు రకాలుగా కనిపిస్తాయి.

మొదటిది, కొంత భూమికి చిక్కు ఉంటే మొత్తాన్ని ఆపడం. సర్వే నంబరులో రెండెకరాలు కాలువకు పోయాయి. మిగిలిన పది ఎకరాలు రైతులవే. కానీ సర్వే నంబరు మొత్తాన్ని నిషేధిత జాబితాలో పెడతారు. అలాగే ఒక సర్వే నంబరులో అందరి విస్తీర్ణం కూడితే సేత్వార్ లెక్క కంటే నాలుగు గుంటలు ఎక్కువ వచ్చిందనుకోండి. ఆ నాలుగు గుంటలు ఎవరి దగ్గర ఎక్కువ పడ్డాయో తేల్చాల్సింది పోయి, అందులో ఉన్న రైతులందరి పని ఆపుతారు. మంచి సాఫ్ట్‌వేర్ అయితే చిక్కున్న భాగాన్ని పక్కన పెట్టి మిగిలినదాన్ని నడిపిస్తుంది.

రెండోది, తప్పు లెక్కను గడప దగ్గర ఆపకపోవడం. మనం 2.20 అని రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. అదే అంకెను దశాంశంగా చదివే యంత్రానికి అది రెండెకరాల ఎనిమిది గుంటలే. పన్నెండు గుంటలు గాలిలో పోయినట్టు. ఇక్కడ చుక్క తర్వాత ఉండాల్సింది గుంటలు. ఎవరైనా 1.45 అని కొడితే అది గుంటల లెక్క కాదని చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. ఆ చిన్న ప్రశ్న సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే ఆపరేటర్‌ను అడగాలి. అడగకుండా మింగేస్తే ఆ తప్పు పాసు పుస్తకంలోకి, బ్యాంకులోకి, పెట్టుబడి సాయంలోకి పాకుతుంది.

మూడోది, పని సగంలో ఆగడం. డబ్బు ఖాతా నుంచి పోయింది, స్లాటు మాత్రం బుక్ కాలేదు. ఇలాంటి పని జరిగితే మొత్తం జరగాలి, లేకపోతే మొత్తం వెనక్కి రావాలి. ఇది బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లలో ఎప్పటి నుంచో ఉన్న పాత నియమం, కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

నాలుగోది, కారణం చెప్పకపోవడం. 'రిజెక్టెడ్' అనేది జవాబు కాదు. ఏ కాగితం లేదు, ఏ అంకె తేడా ఉంది, ఎవరు చూశారు, ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది చెబితేనే జవాబు. పీఎం కిసాన్‌లో 'ల్యాండ్ సీడింగ్: నో' అని చూపిస్తుంది. కనీసం అడ్డం ఎక్కడ ఉందో చెప్పింది. కానీ 'నో'ను 'ఎస్' చేయాల్సింది వ్యవసాయ శాఖా, రెవెన్యూ శాఖా? అది తెలియక రైతు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిరుగుతాడు, ఈలోగా విడత దాటిపోతుంది.

వేలిముద్ర సంగతి కూడా ఇందులోదే. నాగలి, పార, పత్తి తీత, నాట్లు చేసిన చేతులకు గీతలు అరిగిపోతాయి. యంత్రం గుర్తుపట్టదు. ఇలాంటప్పుడు వేరే మార్గంలో సరుకు ఇచ్చి, ఆ సంగతి రిజిస్టరులో రాయాలని 2017 అక్టోబరులోనే ఆధార్ సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. దారి కాగితం మీద ఉంది. రేషన్ షాపులో ఆ రిజిస్టరు చూపించమని అడిగేవాళ్లే తక్కువ.

బ్రిటన్ పోస్టాఫీసుల కథ

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. బ్రిటన్‌లో జరిగిన ఒక సంగతి మన కార్యకర్తలందరూ తెలుసుకోవాలి.

అక్కడ ఊళ్లలో పోస్టాఫీసులను చాలా వరకు కాంట్రాక్టు మీద చిన్న దుకాణదారులు నడుపుతారు. 1999 నుంచి వాళ్ల లెక్కలకు హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఫుజిత్సు కంపెనీ దాన్ని నడిపింది. కొద్ది రోజులకే చాలా చోట్ల లెక్కలో డబ్బు తక్కువ చూపించడం మొదలైంది. గల్లాపెట్టెలో డబ్బు సరిగ్గానే ఉంది, తెర మీద లెక్క మాత్రం వేరుగా ఉంది. కాంట్రాక్టు ప్రకారం లోటు పోస్ట్‌మాస్టరే కట్టాలని సంస్థ పట్టుబట్టింది. ఇల్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు. కట్టలేనివాళ్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. 200 మందికి పైగా జైలుకు వెళ్లారు. ఈ వేదన వల్ల కనీసం 13 మంది ఆత్మహత్య చేసుకుని ఉండవచ్చని అక్కడి విచారణ కమిషన్ 2025 జులైలో తన నివేదికలో రాసింది.

సాఫ్ట్‌వేర్‌లో ఏం జరిగింది? స్కాట్లండ్‌లోని డాల్మెలింగ్టన్ అనే ఊళ్లో 2015లో ఒక పోస్ట్‌మిస్ట్రెస్ 8,000 పౌండ్లు మరో శాఖకు చేరినట్టు నమోదు చేయబోయారు. తెర కదలలేదు. మళ్లీ మీట నొక్కారు, మళ్లీ నొక్కారు. తెర మీద ఏమీ కనిపించలేదు గానీ లోపల ప్రతి నొక్కుకూ ఒక 8,000 పడింది. నాలుగు సార్లు కలిపి 32,000. ఉన్నది 8,000. లేని 24,000కు ఆమె జవాబుదారీ అయ్యారు. ఇలాంటివి 2010 నుంచీ వందకు పైగా జరిగాయని తర్వాత కంపెనీ లోపలి పరిశీలనలోనే తేలింది.

ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. నెలవారీ లెక్క ముగించేటప్పుడు తెర మీద లోటు కనిపిస్తే, ఆ లోటును ఒప్పుకుంటేనే తర్వాతి లెక్క తెరుచుకునేది. 'ఈ లెక్క తప్పు, నాకు అభ్యంతరం ఉంది' అని నమోదు చేసే ఆప్షన్ అప్పట్లో ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది కాదు. అంతకుముందు వివాదంలో ఉన్న మొత్తాన్ని పక్కన పెట్టుకునే ఖాతా ఒకటి ఉండేది, దాన్ని కూడా 2005లో తీసేశారు. మన పోర్టల్‌లో మొదట సవరణ ఆప్షన్ లేకపోవడం గుర్తుకు రావడం లేదూ? అభ్యంతరం చెప్పే చోటు లేని సాఫ్ట్‌వేర్ ముందు మనిషికి రెండే దారులు. ఒప్పుకోవడం, లేదా దోషిగా నిలబడటం.

చట్టం కూడా వాళ్లకు అడ్డం తిరిగింది. కంప్యూటర్ లెక్కను కోర్టులో పెట్టాలంటే ఆ కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని చూపించాలన్న నిబంధనను అక్కడ 1999లో రద్దు చేశారు. యంత్రం సరిగ్గానే ఉందని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని నిందితుడు రుజువు చేయాలి. లోపలి రికార్డులన్నీ కంపెనీ చేతిలో ఉంటే పల్లెటూరి పోస్ట్‌మాస్టర్ ఏం రుజువు చేస్తాడు?

సహాయ కేంద్రానికి ఫోన్ చేసిన చాలా మందికి చెప్పిన మాట ఒకటే: 'ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది.' అందరూ ఒంటరిగా నమ్మారు. 2009లో ఒక కంప్యూటర్ వారపత్రిక ఏడుగురి కథలు కలిపి అచ్చు వేసింది. అదే ఏడాది అలన్ బేట్స్ అనే మాజీ పోస్ట్‌మాస్టర్ చొరవతో ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో ఊరి సమావేశ మందిరంలో బాధితులు మొదటిసారి కలిశారు. తమ ఒక్కరికే అనుకున్నవాళ్లు పక్కవాడి నోట అదే కథ విన్నారు. అక్కడి నుంచి పదేళ్లు పోరాడారు. 555 మంది కలిసి వేసిన దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉన్నాయని తీర్పు చెప్పింది. 2021లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు కొట్టేసింది. 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి మిగిలినవాళ్ల శిక్షల్లో అత్యధిక భాగాన్ని రద్దు చేసింది.

మిత్రులారా, ఈ కథలో మనం పట్టుకోవాల్సింది ఇది. ఒక్కడు చెబితే అది వాడి తప్పు. ఏడుగురు చెబితే వార్త. 555 మంది చెబితే సాఫ్ట్‌వేర్ తప్పని రుజువైంది.

చట్టం మారింది, డేటా మారలేదు

మన దగ్గర కూడా కొంత కదిలింది. 2024లో కలెక్టర్ దగ్గరే ఉన్న అధికారాల్లో కొన్నింటిని ఆర్డీఓలకు, తహసీల్దార్లకు ఇచ్చారు. పోర్టల్ నిర్వహణ ప్రైవేటు కంపెనీ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి మారింది. భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓకు, ఆర్డీఓ ఉత్తర్వు మీద కలెక్టర్‌కు అప్పీలు ఉంది. ఆ పైన భూమి ట్రిబ్యునల్ ఉంది. ఆ జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఇవి ఊరికే రాలేదు, రైతులు రోడ్డెక్కితే వచ్చాయి.

కానీ పోర్టల్ పేరు మారినంత మాత్రాన లోపలున్న డేటా మారదు. పాత తప్పులు కొత్త ఇంట్లోకి సామానుతో పాటే వచ్చాయి. అప్పీలు మెట్లు ఉండటం ఒక ఎత్తు, ఆ మెట్లు ఎక్కడానికి చేతిలో కారణం రాసిన ఉత్తర్వు ఉండటం ఇంకో ఎత్తు. కారణం లేని 'రిజెక్టెడ్' మీద అప్పీలు ఏమని రాయాలి?

మన డిమాండ్లు

ఒకటి: దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుగులో, రాతపూర్వకంగా, అధికారి పేరు, తేదీతో ఇవ్వాలి. ఎక్కడ అప్పీలు చేసుకోవాలో అదే కాగితంలో ఉండాలి.

రెండు: సర్కారు రికార్డులోని తప్పును సవరించడానికి రైతు దగ్గర ఫీజు తీసుకోకూడదు. తప్పు చేసినవాడే ఖర్చు భరించాలి.

మూడు: సర్వే నంబరులో చిక్కున్న భాగాన్నే ఆపాలి. మిగిలిన రైతుల పని నడవాలి.

నాలుగు: రికార్డులో ఎవరి పేరు, ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుతో మారిందో ఆ చరిత్ర మొత్తం పట్టాదారుకు కనిపించాలి. పాత వివరాన్ని చెరిపేయకూడదు.

ఐదు: వివాదం తేలే వరకు సాగు చేస్తున్న రైతుకు పెట్టుబడి సాయం, పంట రుణం ఆపకూడదు.

ఆరు: వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, ఏ రకానివి, ఎన్ని పరిష్కారమయ్యాయి అన్నది మండలాల వారీగా ప్రతి నెలా బయటపెట్టాలి.

రేపటి నుంచి మనం చేయాల్సింది

డిమాండ్లు నెరవేరేలోపు మన ఊళ్లో మనం చేయగలిగిన పనులు ఉన్నాయి.

పాత పహాణీ నకళ్లు, పాత పాసు పుస్తకం, శిస్తు రసీదులు, కొనుగోలు కాగితాలు ఏవీ పారేయవద్దు. కొత్త పుస్తకం వచ్చింది కదా అని పాతది పొయ్యిలో పెట్టినవాళ్లు ఇప్పుడు ఏడుస్తున్నారు. వీలైతే సర్టిఫైడ్ నకళ్లు తీసుకుని పెట్టుకోండి.

మీసేవలో డబ్బు కట్టేటప్పుడు తెర ఆగిపోతే మళ్లీ నొక్కనివ్వవద్దు. ముందు లావాదేవీ నంబరు రాసుకోండి, ఖాతాలో డబ్బు పోయిందో లేదో చూడండి. దరఖాస్తు నంబరు ఉన్న రసీదు లేకుండా బయటికి రావద్దు. తెర మీద ఏ మాట వచ్చిందో ఫోన్‌తో ఫోటో తీయించండి.

'సిస్టం తీసుకోవడం లేదు' అని ఏ అధికారి అన్నా వాదించవద్దు, ఆ మాటనే కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వకపోతే మీరే దరఖాస్తు రాసి తపాలాలో స్పీడ్ పోస్టు చేయండి. తిరస్కరణకు కారణం ఏమిటని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

చివరిగా గ్రామ కమిటీలకు ఒక పని. ప్రతి కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టాలి. రైతు పేరు, సర్వే నంబరు, దరఖాస్తు నంబరు, తేదీ, తెర మీద వచ్చిన మాట, ఇందాక చెప్పుకున్న నాలుగు రకాల్లో అది ఏది. ఇంతే రాయాలి. నెలకోసారి మండల కమిటీ వాటిని కలిపి చూడాలి. ఒకే సర్వే నంబరులో పది మందికి ఒకే జవాబు వచ్చిందని తేలితే ఆ పది మంది పది దరఖాస్తులు పెట్టుకుని పది సార్లు తిరగాల్సిన పని లేదు. పది మంది కలిసి ఒక్క వినతిపత్రంతో వెళదాం. అప్పుడు 'మీ ఒక్కడిదే సమస్య' అని ఎవరూ అనలేరు.

రైతు తన చేను గట్టు ఎక్కడుందో మరిచిపోడు. కంప్యూటర్ మరిచిపోతే దానికి గుర్తు చేయాల్సింది ప్రభుత్వం. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ రైతు నెత్తిన వేస్తామంటే ఒప్పుకోం. వచ్చే నెల మండల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఆ నోటు పుస్తకం రావాలి. పుస్తకాలు ఎన్ని వస్తే మన మాట అంత బరువుగా ఉంటుంది.